మంట ఆగడం వేరు, పుండు మానడం వేరు

2023 వానాకాలం గుర్తుందా? ఆ జూలై, ఆగస్టు నెలల్లో మన రెండు రాష్ట్రాల్లోనే కాదు, దేశంలో చాలాచోట్ల కళ్లకలక పాకింది. మనలో చాలామంది అప్పుడు ఇంటర్ హాస్టళ్లలో ఉన్నాం. గదిలో ఒకడికి వస్తే రెండు మూడు రోజుల్లో పక్క మంచం వాడికి, వారం తిరిగేసరికి ఫ్లోర్ మొత్తానికి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని క్లాసుకి వచ్చినవాళ్లని చూసి నవ్వుకున్న రోజులవి.

అప్పుడు అందరం వాడిన టెస్టు ఒక్కటే, అద్దం. కన్ను ఎర్రగా ఉంటే ఇంకా తగ్గలేదు, తెల్లబడితే తగ్గిపోయింది. "అన్నా, కళ్లు ఎర్రబడ్డాయి, ఏదైనా డ్రాప్స్ ఇవ్వు" అని మెడికల్ షాపులో అడిగేవాళ్లదీ, కౌంటర్ వెనక నుంచి సీసా తీసి ఇచ్చేవాళ్లదీ అదే కొలత. కళ్లకలక చాలావరకు వైరస్ వల్ల వస్తుంది, ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కాబట్టి ఆ కొలతతో చాలామందికి పెద్ద నష్టం జరగలేదు. కానీ అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఇప్పటికీ కన్ను ఎర్రబడితే మనకు మొదట కావలసింది ఆ ఎరుపు పోవడమే.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్తాను. ఎరుపు పోవడాన్ని నయం కావడానికి కొలతగా పెట్టుకోవడం తప్పు. ఇంకెక్కడైనా అది చిన్న తప్పేమో గానీ, కంటి దగ్గర చూపు పోగొట్టే తప్పు. శరీరం మంటని ఎలా మొదలుపెడుతుందో, ఎలా ముగిస్తుందో గత నలభై యాభై ఏళ్లలో సైన్సు చాలా నేర్చుకుంది. ఆ కథలో పెద్ద భాగం కొవ్వు నుంచి పుట్టే కొన్ని చిన్న చిన్న అణువులది. అది కొంచెం తెలిసినా చాలు, అద్దం టెస్టు మీద నమ్మకం పోతుంది.

లిటరరీ క్లబ్ పత్రిక కాబట్టి ముందు ఒక మాట గురించి. ఇంగ్లిష్ మీడియం వాడిని, "ఇన్‌ఫ్లమేషన్" అనే పదం నాకు బయాలజీ పుస్తకంలోంచి వచ్చింది. తెలుగులో దానికి ఒక్క మాట వెతికితే వాపు, మంట, ఎరుపు అని విడివిడి ముక్కలు దొరికాయి. కానీ దాని తర్వాత జరగాల్సిన దానికి మాత్రం మనకి చక్కటి మాట ఉంది. మానడం. పుండు మానింది అంటాం. అదే క్రియతో "బాబాయ్ సిగరెట్ మానాడు" అని కూడా అంటాం. ఒకచోట నయం కావడం, ఇంకోచోట ఒక పని వదిలేయడం. రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చిందో భాష తెలిసినవాళ్లు చెప్పాలి. నాకు మాత్రం వాటి మధ్య ఒక పోలిక కనిపిస్తుంది. డబ్బా ఖాళీ అయితే సిగరెట్ తాగడం ఆగుతుంది, దాన్ని మానడం అనం. మానాలంటే లోపల ఏదో పని జరగాలి. పుండు కూడా అంతే. మంట ఆగినంత మాత్రాన మానినట్టు కాదు. మానడం అనేది శరీరం కష్టపడి చేసే పని.

ఈ విషయం సైన్సుకి కూడా ఆలస్యంగానే తెలిసింది. ఎలాగో చూద్దాం.

కంట్లో ఏదో గీసుకుందనుకోండి. దెబ్బ తగిలేది ఎక్కువగా కార్నియాకి. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర అది. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకి అడ్డం వస్తాయి. నరాలు మాత్రం చాలా దట్టంగా ఉంటాయి. అందుకే చిన్న నలుసు పడినా ప్రాణం పోయినంత పని అవుతుంది. గాయం తగలగానే అక్కడి కణాలు అలారం మోగిస్తాయి. ఆ అలారానికి కావలసిన ముడిసరుకు ఎక్కడి నుంచో రాదు, కణం పొరలోనే ఉంటుంది.

ప్రతి కణం చుట్టూ ఉండే పొర ఎక్కువగా కొవ్వు అణువులతో కట్టింది. ఆ అణువుల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే 20 కార్బన్ల గొలుసు ఉంటుంది. దెబ్బ తగిలితే ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైమ్ కత్తెరలా దాన్ని పొర నుంచి కత్తిరిస్తుంది. అక్కడి నుంచి ఆ గొలుసు ఏమవుతుందనేది అది ఎవరి చేతిలో పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కాక్స్ అనే ఎంజైమ్ చేతిలో పడితే ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. వాటివల్ల రక్తనాళాలు వెడల్పయి కన్ను ఎర్రబడుతుంది, నొప్పి బాగా తెలుస్తుంది. లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్‌ల చేతిలో పడితే ల్యూకోట్రయీన్లు, మరికొన్ని రకాలు. ల్యూకోట్రయీన్లలో ఒకటి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలను గాయం దగ్గరికి పిలుస్తుంది. ఈ అణువులను శరీరం ముందే చేసి దాచిపెట్టుకోదు. అవసరమైనప్పుడు అక్కడికక్కడే తయారుచేస్తుంది. పని కాగానే అవి త్వరగా విరిగిపోతాయి. మన భాషలో చెప్పాలంటే అన్నీ లోకల్ వేరియబుల్సే.

ఆస్పిరిన్ పనిచేసేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ద్వారానే అని 1971లో జాన్ వేన్ చూపించారు. 1982లో ఆయనకు, సూనే బెర్గ్‌స్ట్రోమ్‌కు, బెంగ్ట్ శామ్యూల్సన్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇక్కడిదాకా కథ చాలా క్లీన్‌గా ఉంది. మంట చెడ్డది, దాన్ని పుట్టించే అణువులు చెడ్డవి, వాటిని ఆపేది మందు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర మన ఆలోచన ఇప్పటికీ ఇక్కడే ఆగిపోయి ఉంది.

మంట ఎలా ముగుస్తుందన్న ప్రశ్నకి అప్పట్లో సులువైన జవాబు ఉండేది. పొయ్యిలో కట్టెలు అయిపోతే ఆరిపోయినట్టు, ఆ అణువులు విరిగిపోతాయి, మంట దానంతటదే పోతుంది అనుకునేవాళ్లు. 1984లో శామ్యూల్సన్, ఆయన దగ్గర పనిచేస్తున్న చార్లెస్ సెర్హాన్ కలిసి లైపాక్సిన్లు అనే కొత్త అణువుల గురించి ప్రకటించారు. అవీ అదే అరాకిడోనిక్ ఆమ్లం నుంచే పుట్టినవి. కానీ తర్వాతి పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, వీటి పని తిరగబడి ఉంది. ఇవి న్యూట్రోఫిల్స్‌ని ఇక రావద్దంటాయి. శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లు అనే కణాలని మాత్రం రమ్మంటాయి. 2000 తర్వాత సెర్హాన్ బృందమే చేప నూనెలో ఉండే ఒమేగా-3 ఆమ్లాల నుంచి పుట్టే ఇలాంటి అణువులను కనిపెట్టి రిజాల్విన్లు, ప్రొటెక్టిన్లు అని పేర్లు పెట్టింది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి. 2001లో అదే బృందం చూపించినదాని ప్రకారం, మంట మొదలుపెట్టే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే అణువే న్యూట్రోఫిల్స్‌లో లైపాక్సిన్ తయారుచేసే యంత్రాంగాన్ని కూడా ఆన్ చేస్తుంది. అంటే మంటకి ముగింపు ఏర్పాట్లు మంట మొదట్లోనే రాసి ఉన్నాయి. మొదలు లేకపోతే ముగింపు కూడా సరిగ్గా రాదు.

పెళ్లిని తలుచుకుంటే ఇది అర్థమవుతుంది. చుట్టాలు రావడం ఆగిపోతే పెళ్లి పని అయిపోయినట్టు కాదు కదా. పందిరి విప్పాలి, విస్తళ్లు ఎత్తాలి, గుండిగలు తోమి అద్దెకి తెచ్చినవి లెక్క చూసి తిరిగి ఇవ్వాలి, వీధి ఊడవాలి. ఆ పనివాళ్లని పెళ్లికి ముందే మాట్లాడి పెట్టుకుంటారు. న్యూట్రోఫిల్స్ కూడా చుట్టాల్లాంటివే. వస్తాయి, సూక్ష్మజీవులతో పోరాడతాయి, చాలావరకు అక్కడే చనిపోతాయి. వాటి దగ్గరున్న ఆయుధాలు మన కణజాలాన్ని కూడా కొరుకుతాయి. వాటిని మాక్రోఫేజ్‌లు మింగి ఎత్తివేయాలి. కార్నియాలో ఈ శుభ్రత ఇంకా ముఖ్యం. అక్కడి కొల్లాజన్ పోగులు ఎంతో క్రమంగా పేర్చి ఉంటాయి కాబట్టే వెలుతురు సూటిగా లోపలికి పోతుంది. ఆ పేర్పు చెదిరి, ఎలాపడితే అలా అతుక్కుంటే అక్కడ తెల్లటి మచ్చ మిగులుతుంది. ఊళ్లలో దాన్నే కంట్లో పువ్వు పడింది అంటారు. చేతి మీద మచ్చ పడితే ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటాం. కార్నియా మధ్యలో మచ్చ పడితే ప్రపంచమే మసక.

ఇదంతా కంట్లో నిజంగా జరుగుతుందా అంటే, ఎలుకల్లో చేసిన ప్రయోగాలు ఉన్నాయి. కార్స్టన్ గ్రోనర్ట్ బృందం 2005లో ప్రచురించిన పనిలో, లైపాక్సిన్ తయారీకి అవసరమైన ఒక లైపాక్సిజనేజ్ ఎంజైమ్ లేని ఎలుకల్లో కార్నియా గాయం నెమ్మదిగా మానింది. లైపాక్సిన్ ఎ4ని చుక్కలుగా వేస్తే గాయం మూసుకునే వేగం పెరిగింది. తర్వాత అదే బృందం ఆడ ఎలుకల్లో ఈ గాయాలు మగ ఎలుకలకంటే నెమ్మదిగా మానుతున్నాయని, ఈస్ట్రజన్ ఈ లైపాక్సిన్ మార్గాన్ని తగ్గిస్తోందని చూపించింది. కళ్లు పొడిబారే జబ్బు ఆడవాళ్లలో ఎక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం కావొచ్చన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. కంటి వెనక రెటీనాలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. 2004లో నికొలాస్ బజాన్ బృందం రెటీనాని పోషించే కణాలు డీహెచ్ఏ అనే ఒమేగా-3 నుంచి ఒక రక్షక అణువుని తయారుచేసుకుంటాయని చూపించి, దానికి న్యూరోప్రొటెక్టిన్ డి1 అని పేరు పెట్టింది.

ఇప్పుడు మెడికల్ షాపు సీసా దగ్గరికి వద్దాం. కన్ను త్వరగా తెల్లబడాలంటే బాగా పనిచేసేవి స్టెరాయిడ్ చుక్కలు. అవి చేసే పనులు చాలా ఉన్నాయి, అందులో ఒకటి ఇందాక చెప్పిన కత్తెరని అణచడం. అంటే అరాకిడోనిక్ ఆమ్లం పొర నుంచి బయటికి రావడమే తగ్గుతుంది. ఎరుపు తెచ్చే అణువులతోపాటు, ముగింపు పనికి కావలసిన ముడిసరుకు కూడా తగ్గుతుంది. లినక్స్ వాడినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఇది కిల్ మైనస్ నైన్. ప్రాసెస్ ఆగిపోతుంది. కానీ అది తెరిచిన ఫైళ్లు మూసుకోదు, సగం రాసింది సేవ్ చేసుకోదు. హ్యాంగ్ అయిపోయిన ప్రోగ్రామ్‌కి ఆ కమాండ్ కావాలి, కాదనను. ప్రతిదానికీ అదే కొడితే మాత్రం డేటా పోతుంది.

స్టెరాయిడ్లు విలన్లని నేను అనడం లేదు. యువియైటిస్ లాంటి జబ్బుల్లో, శుక్లాల ఆపరేషన్ తర్వాత, కార్నియా మార్పిడి చేసినవాళ్లలో ఆ చుక్కలే చూపుని కాపాడతాయి. మంట తనంతట తాను ముగించుకోలేని చోట బయటి నుంచి ఆపాల్సిందే. నా గొడవ లోపల ఏముందో చూడకుండా ఆపడం గురించి.

మన దగ్గర దానికి అన్నిటికంటే ప్రమాదకరమైన ఉదాహరణ పొలంలో ఉంది. వరి కోస్తుంటే, కుప్ప నూరుస్తుంటే ఆకో, కంకో, ఊకో కంట్లో కొడుతుంది. దాంతోపాటు ఫంగస్ కార్నియాలోకి పోతుంది. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లకు ఫంగస్ ఒక పెద్ద కారణం, దాని బారిన పడేవాళ్లలో పొలం పనులు చేసేవాళ్లు ఎక్కువ. అలాంటి కంట్లో స్టెరాయిడ్ వేస్తే ఏం జరుగుతుంది? ఎరుపు, నొప్పి తగ్గొచ్చు. మనిషికి హాయిగా అనిపించి మళ్లీ పనికి పోతాడు. లోపల పోరాడాల్సిన కణాలను మనమే ఇంటికి పంపేశాం కాబట్టి ఫంగస్ తాపీగా కార్నియాని తింటూ పోతుంది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన పుండైనా ఇదే ప్రమాదం. అద్దంలో కన్ను బాగుపడినట్టు కనిపిస్తున్న రోజుల్లోనే కన్ను పాడవుతుంది.

ఇంకో రకం నష్టం మరీ నిశ్శబ్దమైంది. స్టెరాయిడ్ చుక్కలు వారాలు, నెలల తరబడి వేసుకుంటే కొంతమందిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి నరం మెల్లగా దెబ్బతింటుంది, చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. ఇది గ్లకోమా, మన పెద్దవాళ్లు నీటికాసులు అంటారు. పోయిన చూపు తిరిగి రాదు. ఎండాకాలం రాగానే కళ్లు దురదపెట్టి నలుపుకునే పిల్లలు మన ఊళ్లలో కనిపిస్తుంటారు. అది ఒక రకం అలర్జీ, ఏటేటా తిరిగి వస్తుంది. డాక్టర్ ఒకసారి కొద్దిరోజులకని రాసిన స్టెరాయిడ్ చుక్కలని, పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొంటూ పోతే ఆ పిల్లల కళ్లకి ఈ గతి పట్టొచ్చు. శుక్లం కూడా చిన్న వయసులోనే రావొచ్చు. స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని రూలుంది. ఆ రూలు ఎంత గట్టిగా అమలవుతోందో మీ కాలేజీ గేటు ఎదురుగా ఉన్న షాపులో మీకే తెలుసు.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. నా వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. ప్రోస్టాగ్లాండిన్లు చెడ్డవనుకున్న రోజుల్లో లాస్లో బీటో అనే శాస్త్రవేత్త వాటిని కొద్ది మోతాదులో కంట్లో వేస్తే ఒత్తిడి పెరగడానికి బదులు తగ్గుతోందని గమనించారు. ఆ దారిలోనే లాటనోప్రోస్ట్ అనే మందు వచ్చింది. 1996లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇవాళ గ్లకోమాకి రోజుకి ఒక్క చుక్క చొప్పున ప్రపంచమంతా వాడే మందు ఇది, మన దగ్గర కూడా వాడుతున్నారు. అది ఒక ప్రోస్టాగ్లాండిన్‌కి కొద్దిగా మార్పులు చేసిన రూపం. కొవ్వు నుంచి పుట్టిన అదే కుటుంబం. ఈ మందు వాడేవాళ్లలో సాధారణంగా కనిపించే దుష్ప్రభావం ఏమిటో తెలుసా? కళ్లు ఎర్రబడటం.

పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు స్టెరాయిడ్ వాడి తెల్లటి కన్నుతో చూపు పోగొట్టుకుంటున్నారు. ఇంకొకరు లాటనోప్రోస్ట్ వేసుకుని ఎర్రటి కన్నుతో చూపు నిలబెట్టుకుంటున్నారు. అద్దం టెస్టు మొదటివారిని పాస్ చేస్తుంది, రెండోవారిని ఫెయిల్ చేస్తుంది. అలాంటి టెస్టుని మనం ఏ ప్రాజెక్టులోనైనా ఒప్పుకుంటామా?

ఇక్కడ మీలో కొందరికి ఒక ఐడియా వచ్చే ఉంటుంది. స్టెరాయిడ్ ఎందుకు, రిజాల్విన్లు ఒమేగా-3 నుంచి పుడతాయి కదా, చేప నూనె క్యాప్సూల్స్ వేసుకుంటే సరిపోలేదా అని. రోజంతా స్క్రీన్ చూసి కళ్లు పొడిబారే మనలాంటి వాళ్లకి ఇన్‌స్టాలో ఇలాంటి ప్రకటనలు బాగానే కనిపిస్తాయి. ఇదీ అద్దం టెస్టు లాంటి షార్ట్‌కట్టే. అమెరికాలో 535 మందితో ఒక పెద్ద ట్రయల్ చేశారు, 2018లో ఫలితాలు ప్రచురించారు. కళ్లు పొడిబారే జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి రోజుకి 3 గ్రాముల ఒమేగా-3, మిగతావాళ్లకి ఆలివ్ నూనె క్యాప్సూల్స్, ఏడాదిపాటు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ బాధ కొంత తగ్గింది. ఒమేగా-3 వాళ్లకి ఎక్కువేమీ తగ్గలేదు.

దీంతో లైపాక్సిన్ల కథ అబద్ధమైపోదు. ముడిసరుకు ఎక్కువ పోసినంత మాత్రాన సరైన చోట, సరైన సమయంలో, సరైన అణువు తయారవుతుందన్న గ్యారంటీ లేదు, అంతే. హార్డ్ డిస్క్ నిండా సోర్స్ కోడ్ పోసినంత మాత్రాన ప్రోగ్రామ్ రన్ అవదు. ఎంజైమ్ కావాలి, అది ఆన్ అయ్యే సిగ్నల్ కావాలి. చేప తినండి, అవిసె గింజల పొడి అన్నంలో కలుపుకోండి, మంచి తిండే. వాటిని కంటి మందు అనుకోకండి. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. రిజాల్విన్లు మనుషుల శరీరంలో నిజంగా పని చేసేంత మోతాదులో తయారవుతున్నాయా అన్నదానిపై శాస్త్రవేత్తల్లోనే గట్టి వాదన నడుస్తోంది. కంటి గాయాల మీద నేను పైన చెప్పిన ప్రయోగాలు ఎలుకలవి. కాబట్టి రేపు ఎవరైనా ఈ పేర్లు వాడి మీకు ఏదైనా అమ్మబోతే జేబు జాగ్రత్త.

"ఇదంతా సరే, ఎర్రబడిన ప్రతిసారీ కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా? టైమెక్కడిది, డబ్బెక్కడిది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రతిసారీ అక్కర్లేదు. ఎరుపొక్కటే ఉండి, కొంచెం దురద, కొంచెం నీరు కారడం, చూపు మామూలుగా ఉండటం అయితే చల్లటి గుడ్డ పెట్టుకుని, చేతులు కడుక్కుంటూ, తువ్వాలు వేరే పెట్టుకుని రెండు రోజులు చూడొచ్చు. గట్టిగా నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారినా, కంట్లో ఏదైనా కొట్టుకున్నా, కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లకి ఎర్రబడినా అదే రోజు చూపించుకోవాలి. లెన్స్ వెంటనే తీసేయాలి. ఇది ఖర్చు లెక్క వేసుకునే చోటు కాదు. కార్నియా మీద గీత ఉందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు వేసి నీలం వెలుతురులో చూస్తారు, గాయం ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. చాలా చవకైన పరీక్ష. నిమిషాల్లో అయిపోతుంది. అద్దంలో మనకి ఎంత వెతికినా కనిపించనిది దాంట్లో కనిపిస్తుంది. ఊళ్లలో ఉన్నవాళ్లకి కూడా ఇప్పుడు దారి ఉంది. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటివి పల్లెల దాకా విజన్ సెంటర్లు పెట్టాయి.

సీసా చదవడం కూడా నేర్చుకోవాలి. మనం డాక్యుమెంటేషన్ చదవకుండా లైబ్రరీ ఇంపోర్ట్ చేయం కదా (సరే, చేస్తాం, కానీ చేయకూడదు). బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. యాంటీబయాటిక్ పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి కూడా ఇవి కలిసి ఉంటాయి. ఆ సీసా చీటీ లేకుండా కొనొద్దు. రూమ్‌మేట్‌ది అప్పు తీసుకోవద్దు, పోయినసారి మిగిలింది దాచుకుని వాడొద్దు. అలాగే డాక్టర్ రాసిచ్చి వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి భయపడి మధ్యలో ఆపేయొద్దు. వాటిని ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. హఠాత్తుగా ఆపితే మంట తిరగబడొచ్చు. ఎరుపు పోగొడతామని అమ్మే కొన్ని మామూలు చుక్కలు కూడా రక్తనాళాలని బిగించి తాత్కాలికంగా తెల్లబరుస్తాయి. మాటిమాటికీ వాడితే ఆపాక ఎరుపు ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది.

చివరిగా మన బ్రాంచ్ వాళ్లకి ఒక మాట. కంటి ఫొటో పెడితే జబ్బు చెప్పే యాప్ అనేది హ్యాకథాన్లకి, మినీ ప్రాజెక్టులకి పనికొచ్చే ఐడియానే. నాకూ ఇష్టమే. కానీ లేబుల్స్ దగ్గర ఆలోచించాలి. ఎర్రగా ఉంటే జబ్బు, తెల్లగా ఉంటే నార్మల్ అన్నట్టున్న డేటాసెట్ మీద ట్రైన్ చేసిన మోడల్, కౌంటర్ దగ్గర మనం చేస్తున్న పొరపాటునే వేలమందికి ఒకేసారి చేసి పెడుతుంది. స్టెరాయిడ్ వేసుకుంటున్న ఫంగస్ కంటికి "తగ్గుతోంది" అని గ్రీన్ టిక్ పెడుతుంది. గ్లకోమా మందు వాడుతున్న తాతయ్యకి వార్నింగ్ ఇస్తుంది. ఆక్యురసీ 95 శాతం వచ్చినా, కొలిచేది ఎరుపైతే ఆ నంబర్‌కి అర్థం లేదు. అలాంటి ప్రాజెక్టు చేసేవాళ్లు కనీసం నొప్పి ఉందా, వెలుతురు పడుతోందా, చూపు మారిందా, ఏ చుక్కలు వాడుతున్నారు అనే నాలుగు ప్రశ్నలైనా యూజర్‌ని అడిగేలా చేయండి. కోడ్‌లో అది పది లైన్ల పని.

ఇంట్లో కూడా ఇదే అలవాటు చేసుకుందాం. ఈసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఎవరి కన్నైనా ఎర్రగా కనిపిస్తే "ఏ డ్రాప్స్ వేశావు, ఎరుపు తగ్గిందా" అని అడిగి ఊరుకోవద్దు. ఒక కన్ను మూసుకుని ఆ కంటితో గోడ మీద క్యాలెండర్‌లో తేదీ చదవమందాం. నిన్న చదవగలిగింది ఇవాళ చదవలేకపోతే, కన్ను ఎంత తెల్లగా ఉన్నా సరే, బండి తీసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం.